జెండా లేని కారు

టాలిస్ క్రీక్, జార్జియా
ఆగస్టు 1996

హోరేస్ అన్నయ్యకు,

ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. మొన్న నువ్వు చేసినప్పుడు "ఆఁ, ఊఁ" అని పెట్టేశాను. కోపం కాదు, అందుకే రాస్తున్నాను. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకుని చదువుకో. చిన్నప్పటిలా ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు.

ఐడెల్లా పెద్దమ్మని మట్టిలో పెట్టిన రోజు పట్టుకెళ్ళిన మా ఆయన్ని ఇంకా వదల్లేదు. కౌంటీ జైల్లోనే ఉన్నాడు. జామీను కట్టే స్తోమత మాకు లేదు.

నేను ముందు కారులో ఆడవాళ్ళతో ఉన్నాను కాబట్టి ఏమీ చూడలేదు. ఆయన చెప్పింది రాస్తున్నాను. శవం బండి వెనక అందరూ లైట్లు వేసుకుని వరసగా వస్తున్నారు. పెద్ద రోడ్డు దగ్గర సిగ్నల్ ఎర్రగా మారింది. శవయాత్ర వరస తెంపకూడదు కదా. ఎదుటి బళ్ళే ఆగుతాయి, మనం సాగిపోతాం. మన పుట్టుక నుంచీ అంతే. ఆయనా సాగాడు. కొత్తగా చేరిన పోలీసు ఒకడు ఆపాడు. తెల్లవాడు, ఈ ప్రాంతం వాడు కాదు. "ఖననానికి వెళ్తున్నామండీ, అదిగో శవం బండి" అని మా ఆయన చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి తన మొహం మీదికి వచ్చిందని ఆ పోలీసు రాసుకున్నాడు. పోలీసుని కొట్టాడని పెద్ద కేసు పెట్టారు.

ఆయన చేతులకి శవపేటిక మోసేవాళ్ళ తెల్ల గ్లౌజులున్నాయి అన్నయ్యా. కొట్లాటకి వెళ్ళేవాడెవడైనా అవి తొడుక్కుని వెళ్తాడా?

ప్రభుత్వం ఇచ్చిన లాయరు ప్రూయిట్ గారు తెల్లాయనే గానీ మంచాయన. ఎప్పుడూ పరుగులోనే ఉంటాడు. "చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. మా ఆయన నడిపే కారు వెనకే నీ కారు వచ్చింది. నువ్వు చూసింది రెండు ముక్కలు రాసి పంపు. నువ్వూ పోలీసువే కదా, నీ మాటకి విలువ ఉంటుంది.

రోవీనా వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
వెర్లీన్


పామ్ రిడ్జ్, ఫ్లోరిడా
సెప్టెంబరు

వెర్లీ,

నీ ఉత్తరంలో తప్పులేం లేవు. ఉన్న తప్పంతా మీ ఆయన డ్రైవింగులోనే ఉంది. నవ్వు కాస్త. ఏడుపు మొహంతో జైలుకెళ్తే వాడు ఇంకా డీలా పడతాడు.

కంగారు పడకు. ఇలాంటివి రోజూ చూసేవాణ్ణి, చెప్తున్నాను విను. వరసలో ఉన్న ప్రతి కారుకీ ఖననం కంపెనీవాళ్ళు ఊదా జెండా తగిలించారు. నా కారుకి కూడా ఉంది. మీ ఆయన క్లియాన్ కారుకి లేదు. ఎందుకు లేదు? జెండా లేని కారు ఎర్ర లైటు దాటితే ఆ కుర్రాడికి ఎలా తెలుస్తుంది, అది శవయాత్రలోదా, పారిపోతున్నదా అని? వాడి చోట నేనున్నా ఆపుతాను. నేను ఎందరినో ఆపాను కూడా.

నేను ముందుకు వెళ్ళిపోయాను. అద్దంలో నీలం లైటు వెలగడం కనబడింది. అంతే చూశాను. ఏదో చిన్న తనిఖీ అనుకున్నాను, నీకూ అదే చెప్పాను.

నువ్వు రాయలేదు గానీ, నీ మనసులో ఏముందో నాకు తెలుసు. మీ చర్చి ఆడవాళ్ళు నూరిపోసి ఉంటారు, నల్లవాళ్ళ మీద పోలీసులు పగబట్టారని. నేనూ నల్లవాణ్ణే, నేనూ పోలీసునే. నేనెవరి మీద పగబట్టాలి? పోయిన నెల మా వీధి చివర ఒక పిల్లాణ్ణి ఇంకో పిల్లాడు కాల్చేశాడు. ఇద్దరూ మనవాళ్ళే. ఆ తల్లి అరుస్తూ ఎవరికి ఫోన్ చేసిందనుకున్నావ్? మీ పాస్టరుకా? మాకు. రక్తం ఆపడానికి నా రెండు చేతులూ వాడి కడుపు మీద పెట్టాను. మమ్మల్ని తిట్టేవాళ్ళకి ఆ తల్లి గుర్తుకు రాదు.

క్లియాన్‌కి చెప్పు, తల వంచుకుని "యెస్ సర్" అనమని. మగతనం ఇంటికొచ్చాక చూపించుకోవచ్చు.

అన్నయ్య
హోరేస్


టాలిస్ క్రీక్
సెప్టెంబరు చివర

అన్నయ్యకు,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. ఆ తల్లి గురించి రాసింది చదివి ఏడుపొచ్చింది. నువ్వు మంచి పోలీసువని నాకెప్పుడూ అనుమానం లేదు.

"యెస్ సర్" మా ఆయనకి రాదనుకున్నావా? ఆయన వంకర చక్రం ఉన్న మా తోపుడు బండికి కూడా "సర్" అంటాడు. స్కూలు బస్సు నడిపేవాడు అన్నయ్యా. ఆరేళ్ళ పిల్లలకి "మేడమ్, కూర్చోండి" అని చెప్పేవాడు. స్కూళ్ళు తెరిచారు. ఆయన బస్సు ఇప్పుడు ఇంకొకరు నడుపుతున్నారు. మా వాకిలి ముందు నుంచి పోతుంటే పిల్లలు కిటికీల్లోంచి "మిస్టర్ క్లియాన్ ఏడీ?" అని అరుస్తారు. నేను లోపలికి వెళ్ళిపోతాను.

జెండా గురించి అడిగావు. నీకు తెలియదన్నమాట. చెప్పొద్దన్నాడు గానీ చెప్తున్నాను. ఆ రోజు జెండాలు తక్కువ పడ్డాయి. మా కారుకి పెట్టిన జెండా ఆయన తీసి నీ కారుకి తగిలించాడు. నేను పక్కనే ఉన్నాను. "మరి మనకో?" అన్నాను. "బావ ఊరొదిలి పన్నెండేళ్ళయింది, దారి మర్చిపోయుంటాడు. మధ్యలో ఎవరైనా దూరితే తప్పిపోతాడు పాపం. నన్నెవరడుగుతారు, ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి" అన్నాడు.

ఆయన్నే అడిగారు.

ఇంకొక మాట. నిన్నడగడానికి భయంగా ఉంది, అయినా అడుగుతాను. సమాధి దగ్గర పేటిక పట్టడానికి ఆరుగురు కావాలి, అయిదుగురే ఉన్నారు. ఆరో పిడి ఎవరూ పట్టక పాస్టరు గారు చాలాసేపు కాచుకున్నారు. అందరికంటే చివర నువ్వొచ్చావు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆ పిడి పట్టుకున్నావు. అద్దంలో లైటు చూసి సాగిపోయినవాడివి, అంత ఆలస్యం ఎక్కడయింది?

తప్పుగా అడిగుంటే కోప్పడు. జవాబు మాత్రం రాయి.

వెర్లీన్


పామ్ రిడ్జ్
అక్టోబరు

వెర్లీ,

ఆలస్యంగా రాస్తున్నాను. రెండుసార్లు రాసి చింపేశాను.

జెండా సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఆగాను. సిగ్నల్ దాటాక రోడ్డు పక్కన ఆపాను. దిగుదామని తలుపు మీద చెయ్యి వేశాను. దిగలేదు. నాది ఆ ఊరు కాదు, ఆ రాష్ట్రం కాదు, ఒంటి మీద యూనిఫాం లేదు. నల్ల కోటు వేసుకుని తన మీదికి పరుగెత్తుకొస్తున్న నల్లవాణ్ణి ఆ కుర్రాడు ఏమనుకుంటాడో నాకు తెలుసు. మాకు నేర్పేది నాకు తెలుసు కదా. ఇంకేం చూశావని అడక్కు. చూసినదంతా కోర్టులో చెప్పేది కాదు.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. మా లోపల ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసు. మా దగ్గర విట్లో అని ఒకడుండేవాడు. తెల్లవాడే. తోటివాడు ఒక ముసలాయన్ని తన్నాడని ఉన్నదున్నట్టు చెప్పాడు. మర్నాడు వాడి లాకర్లో కుళ్ళిన చేప పెట్టారు. నవ్వుకున్నాం, నేనూ నవ్వాను. తర్వాత ఒక రోజు ఒక ఇంట్లో ఇరుక్కుని, సాయం పంపండని రేడియోలో పిలిచాడు. అందరం విన్నాం. అందరికీ అదే టైముకి ఏదో ఒక పని పడింది. బతికాడు గానీ ఇప్పటికీ కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. తెల్లవాడికే అలా జరిగితే నాకేం జరుగుతుందో ఆలోచించు. ఊరు వేరైతే ఏం? ఇలాంటి మాటలు మాకంటే ముందే ఊళ్ళు దాటతాయి.

నాకూ పెళ్ళాం ఉంది వెర్లీ. రోవీనాకి ఇప్పుడు నాలుగో నెల.

ప్రాసిక్యూటరు ఏదో ఒక బేరం పెడతాడు. ఎప్పుడూ పెడతాడు. ఒప్పేసుకోమను. ఇంటికొస్తాడు.

హోరేస్


టాలిస్ క్రీక్
అక్టోబరు చివర

అన్నయ్యకు,

వదిన సంగతి విని సంతోషించాను. బరువులు ఎత్తనివ్వకు.

బేరం పెడతాడని నువ్వన్నట్టే పెట్టాడు. కొట్టానని ఒప్పుకుంటే ఆ రోజే ఇంటికి. అయిదేళ్ళు ప్రొబేషన్, అంటే బయటే ఉంటాడు గానీ వాళ్ళ నిఘాలో బతకాలి. ఒప్పుకోకపోతే విచారణ దాకా లోపలే ఉండాలి. మా కౌంటీలో జడ్జి జ్యూరీని కూర్చోబెట్టేది ఏడాదికి కొన్నిసార్లే. ఈసారికి కేసులు నిండిపోయాయట. ఇక మళ్ళీ చలికాలం పోయాకే. అప్పుడూ ఓడిపోతే ఏళ్ళ తరబడి శిక్ష.

ఆదివారం చూడటానికి వెళ్ళాను. మధ్యలో అద్దం, చెవి దగ్గర ఫోను. నాకు ఫోనంటే భయమని ఆయనకి తెలుసు కదా, తనే మాట్లాడాడు. సన్నబడ్డాడు.

"ఒప్పుకుంటే ఇంటికొచ్చెయ్యొచ్చు" అన్నాను.

"ఇంటికొచ్చి ఏం చెయ్యను?" అన్నాడు. "ఆ ముద్ర పడ్డవాడికి స్కూలు బస్సు ఇవ్వరు. ఇచ్చారే అనుకో, మనిషిని కొట్టానని నా నోటితో చెప్పాక ఏ తల్లి నా బస్సు ఎక్కిస్తుంది పిల్లని? నువ్వెక్కిస్తావా?"

"మీరైతే ఎక్కిస్తాను."

"అదీ, నువ్వొక్కదానివే ఎక్కిస్తావు. నీకేమో పిల్లలే లేరాయె" అని నవ్వాడు. తర్వాత, "చూసినవాడు ఒక్కడొచ్చి చెప్తే చాలు వెర్లీన్. నేను ఆగుతాను. చలికాలం దాకా ఆగుతాను" అన్నాడు.

చూసినవాడు నువ్వని ఆయనకి తెలుసు. ఎదురుగా నీ కారు ఆగడం చూసి "బావా" అని పిలిచాడట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. నువ్వు నాకు చెప్పలేదు, ఆయనా నాకు చెప్పలేదు. నేను ఎవరి ఇంట్లో ఉన్నట్టు?

మీ పద్ధతి గురించి రాశావు, ఎక్కడా రాసి ఉండదని. మాకూ రాయని పద్ధతి ఒకటుంది. ఖననానికి వెళ్ళే వరసని తెంపకూడదు. మా ఆయన మన పద్ధతి పాటించి జైల్లో ఉన్నాడు. నువ్వు మీ పద్ధతి పాటించి ఇంట్లో ఉన్నావు.

ఇంత గట్టిగా ఎప్పుడూ నీతో మాట్లాడలేదు. ప్రూయిట్ గారికి నీ పేరు చెప్పాను. నిన్నడక్కుండా చెప్పినందుకు క్షమించు. పోలీసులో ఉన్న బావమరిది సాక్షి అంటే ఆయన కూర్చున్న కుర్చీలోంచి లేచాడు అన్నయ్యా. "అమ్మా, ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

అడిగితే ఉన్నదే చెప్పు. ఎక్కువ వద్దు. చెయ్యి ఎత్తాడా, చాపాడా, అంతే.

వెర్లీన్


పామ్ రిడ్జ్
నవంబరు

వెర్లీన్,

నా పేరు ఎందుకిచ్చావు? నన్నొక మాట అడగాలని తోచలేదా?

మీ లాయరు సాక్షుల పట్టీలో నా పేరు ఇవ్వగానే ప్రాసిక్యూటరు మనిషి నేరుగా మా స్టేషన్‌కే ఫోన్ చేశాడు. అందరూ ఉన్నారు. మా లెఫ్టినెంటు ఫోను నా చేతికిచ్చి, అక్కణ్ణుంచి కదలకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏమిటోయ్ హోరేస్, జార్జియాలో చుట్టాలా?" అని నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు నీకు తెలియదు.

దూరంగా ఉన్నాను, స్పష్టంగా కనబడలేదు అని చెప్పాను. అది అబద్ధం కాదు. ఎండ కళ్ళల్లో పడుతోంది. కొట్టాడని నేను చెప్పలేదు చూడు. అది గుర్తుపెట్టుకో.

నీకు కోపం వస్తుంది, రానీ. నేను చెప్పేది ఒక్కటే. వాడు బతికున్నాడు. అలా రోడ్డు పక్కన ఆపినవాళ్ళలో ఎందరు ఇంటికెళ్ళకుండా నేరుగా ఐడెల్లా పెద్దమ్మ పక్కకి వెళ్ళారో నాకు తెలుసు. క్లియాన్‌కి కాళ్ళూ చేతులూ ఉన్నాయి, నువ్వున్నావు. బస్సు పోతే ఇంకో పని. ఈ దేశంలో మనకి దొరికే న్యాయం అంతే, దాన్ని పట్టుకుని ఇంటికి నడవాలి. నేను లోపలుండి చూస్తున్నాను, నువ్వు బయటుండి కలలు కంటున్నావు.

హోరేస్


టాలిస్ క్రీక్
నవంబరు

అన్నయ్యకు,

నువ్వు చెప్పిన మాట ఇక్కడికి ఎలా చేరిందో తెలుసుకుంటావని రాస్తున్నాను.

ప్రాసిక్యూటరు ప్రూయిట్ గారితో అన్నాడట, "సొంత బావమరిది, పైగా పోలీసు, పైగా వాళ్ళ జాతివాడే. అతనే వెనకేసుకు రావట్లేదు. ఇక జ్యూరీ ఏం నమ్ముతుంది?" అని. నువ్వు ఊరుకుని ఉంటే చూసినవాళ్ళెవరూ లేరనుకునేవాళ్ళు. ఇప్పుడు చూసినవాడే చూడలేదన్నట్టయింది.

ప్రూయిట్ గారు ఈ మాట మా ఆయనకి నా ముందే చెప్పాడు. విని మా ఆయన ముందు అడిగింది ఏమిటో తెలుసా? "బావ ఉద్యోగానికేం ప్రమాదం లేదు కదా?"

తర్వాత, "ఎక్కడ సంతకం పెట్టాలండీ?" అన్నాడు.

వెర్లీన్


పామ్ రిడ్జ్
నవంబరు, థాంక్స్‌గివింగ్‌కి ముందు వారం

చెల్లాయ్,

క్లియాన్ ఇంటికొచ్చాడని పాస్టరు గారి భార్య రోవీనాకి ఫోన్లో చెప్పింది. నువ్వు చెప్తావనుకున్నాను. సరేలే.

చూశావా, పండక్కి ఇంట్లో ఉన్నాడు. మిగతావన్నీ మెల్లగా సర్దుకుంటాయి. ఇక్కడ నాకు తెలిసినవాడు గోదాములో మనుషుల్ని పెట్టుకుంటాడు, వెనకటి కేసుల గురించి అడగడు. మాట్లాడతాను.

పెద్దమ్మ పోయాక మనకి ఇదే మొదటి పండగ. నేనూ రోవీనా గురువారం మీ ఇంటికొద్దామనుకుంటున్నాం. చిలగడదుంపతో తీపి వంటకం చేసి తెస్తానంటోంది. నువ్వు టర్కీ కోడిని ఎండబెట్టకుండా వండితే చాలు, పోయినసారి నమల్లేక చచ్చాం. క్లియాన్‌తో కూర్చుని మాట్లాడాలి. ఉత్తరాల్లో కుదరదు.

రమ్మని ఒక్క ముక్క రాయి.

అన్నయ్య


టాలిస్ క్రీక్
నవంబరు

అన్నయ్యకు,

అవును, ఇంటికొచ్చాడు. గోదాము పని వద్దన్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు అడక్కుండా రాష్ట్రం దాటకూడదు.

ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు కోర్టులు చాలా చూసి ఉంటావు. నేను అదే మొదటిసారి చూడటం.

జడ్జి గారు పెద్దాయన, మెత్తగా మాట్లాడాడు. అరుస్తాడనుకున్నాను, అరిస్తేనే బాగుండేది. మా ఆయన్ని నిలబెట్టి వరసగా అడిగాడు. "నిన్నెవరైనా భయపెట్టారా?" "లేదండి." "బలవంతం చేశారా?" "లేదండి." "నీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నావా?" "అవునండి." "తప్పు చేశావు కాబట్టే ఒప్పుకుంటున్నావా?" ఇక్కడ ఆయన ఆగాడు. ప్రూయిట్ గారు మోచెయ్యి ముట్టుకున్నాడు. "అవునండి" అన్నాడు. "ఏం చేశావో నీ మాటల్లో చెప్పు" అన్నాడు జడ్జి. "ఆఫీసరు గారి మొహం మీద కొట్టానండి" అన్నాడు మా ఆయన. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన అబద్ధం చెప్పడం అదే మొదటిసారి విన్నాను. సరిగ్గా చెప్పడం కూడా రాలేదు. జడ్జి మళ్ళీ చెప్పించాడు, గట్టిగా, టైపు చేసే అమ్మాయికి వినబడేలా.

ఆ కుర్ర పోలీసు మూలన కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది, నేల చూస్తున్నాడు. వాడికి కూడా తెలుసు. ఆ గదిలో అందరికీ తెలుసు.

అప్పుడు జడ్జి, "కుటుంబం తరఫున ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగి నా వైపు చూశాడు. ప్రూయిట్ గారు నాకు ముందే చెప్పాడు, "అమ్మా, ఆయన కొట్టలేదని నువ్వంటే జడ్జి ఈ ఒప్పందం చింపేస్తాడు, మళ్ళీ లోపలికి పంపిస్తాడు" అని. నాకు నలుగురిలో నోరు రాదని నీకు తెలుసు. చర్చిలో ప్రార్థన చెప్పమంటే బాత్రూములో దాక్కున్నదాన్ని. బతుకంతా మాట్లాడలేక ఊరుకున్నాను. ఆ రోజు గొంతు దాకా మాట వచ్చింది అన్నయ్యా. సిగ్గు లేదు, భయం లేదు, మాటలన్నీ వరసలో ఉన్నాయి. లేచి నిలబడ్డాను.

"ఏమీ లేదండి" అన్నాను.

జడ్జి గారు "థాంక్యూ మేడమ్" అన్నాడు.

ఇంటికి వస్తుంటే దారిలో స్కూలు బస్సు ఎదురైంది. ఆయన ఆ బస్సుకి తల ఊపి, ఆ పిల్లలకి కనబడకుండా వెంటనే కిందికి వంగాడు. కారు నేను నడుపుతున్నాను. నేను చూడనట్టు ఉన్నాను.

నువ్వు రాసినవన్నీ తప్పని అనను. ఆ బిడ్డ కడుపు మీద నువ్వు చేతులు పెట్టింది నిజం. రేడియోలో పిలిస్తే ఎవరూ రారన్నది కూడా నిజమే అయి ఉంటుంది. నేను ఎక్కువ చదువుకోలేదు, వాదించలేను. నాకు తెలిసింది ఒక్కటే. రోడ్డు మీద ఆయన పిలిచింది నిన్ను. రేడియో అక్కర్లేనంత దగ్గర్లో ఉన్నావు.

పండక్కి వస్తానన్నావు. ఆయన్ని అడిగాను. "రమ్మను. మీ వదినకి కారంగా ఏమీ పెట్టకు" అన్నాడు. కాబట్టి రా. వండుతాను.

అయితే ఒకటి. ప్రొబేషన్ ఆఫీసరు నిన్న వచ్చి ఇల్లంతా చూసి వెళ్ళింది. కొత్త నియమాలు చదివి వినిపించింది. ఈ ఇంట్లో తుపాకీ ఉండకూడదు. ఎవరిదైనా సరే, పోలీసుదైనా సరే. అది గడప దాటిందని తెలిస్తే ఆయన మళ్ళీ లోపలికి పోతాడు, ఈసారి అయిదేళ్ళూ లోపలే. సెలవు రోజు కూడా నువ్వది నడుంకి లేకుండా బయటికి రావని వదిన ఎప్పుడూ చెప్తుంది.

ఎక్కడ పెట్టి వస్తావో నువ్వే చూసుకో. గుమ్మంలో నేను నిలబడతాను. నువ్వు చేతులు రెండూ పక్కకి చాపాలి. నేను చూశాకే లోపలికి రావాలి. ఆయన ఆ రోజు చాపినట్టే. నేను మాత్రం నా కళ్ళతో ఏం చూశానో అదే చెప్తాను.

వెర్లీన్